జెల్యాజ్కో వలసబండ్లు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్లో, ఓ చిన్న కంప్యూటర్ ఆటల కంపెనీలో జెల్యాజ్కో ఆరేళ్లుగా చేసిన పని ఒక్కటే. రాజ్యాలు కట్టే ఆటలో, కంప్యూటర్ తరఫున కొత్త నేల పట్టే వలసబండ్లు ఎటు నడవాలో చెప్పే ప్రోగ్రాం రాయడం. ఏటి ఒడ్డు ముందు పట్టాలా, ఇనుప కొండ ముందు పట్టాలా, ఇదే ధ్యాస. పెళ్లాం విసిగి పుట్టింటికెళ్తే రెండ్రోజుల దాకా గమనించలేదు మహానుభావుడు.

మొదట్లో ఆ బండ్లు కొండలకి తల బాదుకుంటూ తిరిగేవి. ఈ వసంతానికి బుద్ధొచ్చింది. నలభయ్యో ఎత్తుకల్లా మంచి నేలంతా వాటిదే. ఆఫీసులో తొమ్మిది మంది ఆడితే తొమ్మిది మందీ చిత్తు.

అక్కడే పప్పులో కాలేశాడు. అక్కడి పద్ధతిలో, మంచి జరిగినవాడే నలుగురికీ తినిపించాలి. శుక్రవారం పొద్దున్నే పళ్లెం నిండా బానిత్సా, అదే పొరల జున్నురొట్టె, తెచ్చి పంచాడు. యజమాని ల్యూబెన్ మూడు ముక్కలు తిని, మూతి తుడుచుకున్నాక గాని నోరు విప్పలేదు.

"పెద్దాయనా, బయట రెండొందల మందిచేత ఆడించాం. అరగంటకే మూసేసి పోయారు. డబ్బిచ్చి తన్నులు తినడానికి ఎవడొస్తాడు? బండ్లని కాస్త మొద్దుబార్చు."

"నా చేత్తో నేను చెయ్యను."

"అక్కర్లేదులే. క్రెమెనా, చూపించమ్మా."

క్రెమెనాకి ఈ పని నేర్పింది జెల్యాజ్కోనే. ఆ పిల్ల తలెత్తకుండా మీట నొక్కింది. నిన్న ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరస రాసిందట: ఇరవయ్యో ఎత్తు తర్వాత బండి ఎక్కడుంటే అక్కడే ఆగాలి. తెరమీద బండ్లన్నీ ఆగిపోయాయి. ల్యూబెన్ ఆటకి కూర్చుని తాపీగా నేలంతా ఆక్రమించాడు. అందరూ చప్పట్లు కొట్టారు, జెల్యాజ్కో పెట్టిన తిండి తిన్న చేతుల్తోనే.

"ఒక్క వరస పనికి మనిషెందుకు చెప్పు? నీ సామాను ఇవాళే సర్దుకో," అన్నాడు ల్యూబెన్.

జెల్యాజ్కో కోటు వేసుకున్నాడు.

ఇంతలో తెరమీద, బండ్లకి కాపలాగా వచ్చిన సైనికులు వెంట నడవడానికి కదిలే బండి లేక ఆగకుండా గిర్రున తిరగడం మొదలెట్టారు. అందరూ పగలబడి నవ్వారు. క్రెమెనా మీటలన్నీ నొక్కి చూసింది, ఏదీ పనిచెయ్యలేదు.

ఆ తిరుగుడు జెల్యాజ్కో చూడలేకపోయాడు. ఎంత సిగ్గులేని చెయ్యో. నిలుచునే, క్రెమెనా భుజం మీదుగా వంగి రెండో వరస తనే రాశాడు: బండి ఆగితే కాపలా కూడా ఆగాలి. సైనికులు బుద్ధిగా బండ్ల పక్కన నిలబడ్డారు.

"ఇప్పుడు బాగుంది," అన్నాడు ల్యూబెన్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "వెళ్తూ తలుపు వేసి వెళ్లు."