మార్చిలో వాన లేని జిల్లా

మా నాన్న హుమ్మ ఉప్పు కొఠారులో ఇరవై రెండేళ్లు మేస్త్రీగా పనిచేశాడు. ఆ ఉద్యోగం ఒక్క మధ్యాహ్నపు వానకి పోయింది. వాన మీద నాకు కోపం లేదు. చీటీ రాసిన మనిషి మీద ఉంది. తగ్గలేదు, తగ్గించుకునే ప్రయత్నమూ చెయ్యలేదు.

కొఠారు తెలియనివాళ్లకి రెండు మాటలు. ఉప్పునీటిని మడుల్లోకి తోడి ఎండకి వదిలేస్తారు. తేలిన ఉప్పుని గీసి గట్టు మీద కుప్ప పోస్తారు. కుప్ప మీద తాటాకు కప్పుతారు. అయితే ఆ ఏడు కొత్తగా వచ్చిన అధికారి, సర్కారు తూకం అయ్యేదాకా ఆకు వెయ్యకూడదని ఉత్తరువు చేశారు. ఆకు చాటున దొంగతనం జరుగుతుందని ఆయన అనుమానం. ఆయన తెల్లదొర కాదు, తెలుగువారే. మద్రాసులో పెద్ద చదువు చదివి వచ్చారు.

నేను అప్పటికి బరంపురం కాలేజీలో చదువుతూ సెలవుకి ఇంటికి వచ్చాను. మార్చి నెల. ఆ ఉదయం సముద్రపు గాలి వచ్చే వేళకి రాలేదు. పడమట కొండల మీద మబ్బు రాగిరంగు తిరిగింది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అధికారి బంగళాకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను.

"బాబూ, ఆ మబ్బు సూడండి. ఈ పూట వాన కొడతాది. రెండు కుప్పలకి ఆకు ఏయించమని సెలవియ్యండి."

ఆయన కిటికీ వైపు తల తిప్పలేదు. అలమారులోంచి ఒక పుస్తకం తీసి పట్టిక మీద వేలు పెట్టారు.

"ఇది ముప్పై ఏళ్ల లెక్క. మార్చిలో ఈ జిల్లాకి వాన లేదు. ముప్పై ఏళ్లు గొప్పా, నీ ముక్కు గొప్పా?"

"పుస్తకం తడవదు బాబూ. ఉప్పు తడుస్తాది."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఎర్రసిరాతో చీటీ రాసి విసిరారు: "ఈ జిల్లా శీతోష్ణస్థితిలో మార్చి వాన లేదు. ఆకు అక్కరలేదు." కింద సంతకం.

మూడు గంటలకి వాన పడింది. ఎంతోసేపు కాదు. ఆగేసరికి రెండు కుప్పలూ మోకాలి ఎత్తుకి దిగిపోయాయి. కాలవలో నీరు తెల్లగా పారింది. నాన్న అందులో చెయ్యి ముంచి నాలుకకి రాసుకున్నాడు.

విచారణలో నాన్న చీటీ చూపించాడు. అధికారి తడబడలేదు. "నేను రాసింది శీతోష్ణస్థితి సంగతి. ఏ రోజు వాతావరణం ఆ రోజు కనిపెట్టుకోవడం మేస్త్రీ పని" అన్నారు. పైవాళ్లు తల ఊపారు. అజాగ్రత్త అని రాసి నాన్నని ఇంటికి పంపారు.

ఊళ్లో నాన్న పేరు పోయి "ఉప్పు కరిగించినోడు" మిగిలింది. నూతి దగ్గర ఆడవాళ్లు నవ్వేవారు. "మాఁవా, బట్టలారేసుకోవాల, మబ్బేటంటాది?" నాన్న ఆ చీటీని మడత పెట్టి నా పెట్టెలో దాచాడు.

ఏళ్లు గడిచాయి. నేను బరంపురంలో ఒక మద్రాసు దినపత్రికకి విలేఖరినయ్యాను. అధికారి ఉద్యోగం విరమించి బరంపురంలోనే స్థిరపడ్డారు. ఒక ఫిబ్రవరి సాయంత్రం పఠనమందిరంలో ప్రపంచ శీతోష్ణస్థితుల మీద ఉపన్యాసమిచ్చారు. నేను ముందు వరసలో కూర్చున్నాను.

బాగా మాట్లాడారు. ఆ మాట దాచను. ఒక రోజు ఆకాశం ఎలా ఉందో అది వాతావరణమనీ, ఎన్నో ఏళ్ల ఆకాశాలని కలిపి తీసిన సగటు శీతోష్ణస్థితి అనీ చెప్పారు. ఒక జర్మను పండితుడు భూగోళాన్ని అయిదు అక్షరాల కింద విడదీసిన తీరు వివరించారు: ఏడాది పొడుగునా వేడి ఉండే దేశాలు, ఎండుదేశాలు, చలి మితంగా ఉండేవి, చలికాలం గడ్డకట్టేవి, మంచు కరగని ధ్రువాలు. నాలుగింటికి కొలత వేడి అట. ఎండుదేశానికి మాత్రం, పడిన వానకంటే ఎండ తాగేది ఎక్కువా అన్నది కొలత. మా నాన్న ఇరవై రెండేళ్లు ఉప్పు తీసింది ఆ లెక్క మీదే. నాన్నకి ఆ అక్షరం మాత్రం తెలియదు.

చివర నేను లేచాను. "అయ్యా, శీతోష్ణస్థితి పట్టిక చూపించి, ఇవాళ వాన రాదు, గొడుగు వద్దు అని ఎవరైనా ఉత్తరువు చేస్తే?"

ఆయన నవ్వారు. "అలాంటివాడికి మొదటి పాఠమే రాలేదన్నమాట."

సభంతా నవ్వింది. విలేఖరిగా నాకొక అలవాటు. ఎవరి మాట రాసుకున్నా వారికే చదివి వినిపించి, పక్కన పొడి సంతకం పెట్టించుకుంటాను. రేపు నేననలేదు అనకుండా. ఆయన సంతోషంగా పెట్టారు.

వారం తిరగకుండా పత్రికలో రెండు ముక్కలు పక్కపక్కన పడ్డాయి. ఎడమన సభలో నా ప్రశ్నా, ఆయన జవాబూ, కుడిపక్క ఎర్రసిరా చీటీ, కింద కరిగిన కుప్పల సంగతి. నా వ్యాఖ్య ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన బరంపురంలో నేనుండే ఇంటికి వచ్చారు. నేను కుర్చీ చూపించలేదు.

"ముప్పై ఏళ్ల ఉద్యోగం నాది. ఒక్క రోజు పొరపాటు పట్టుకుని నన్ను తూచడం న్యాయమా?"

ఈ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో నాకే తెలియదు. "మా నాన్నవి ఇరవై రెండేళ్లండీ. మీరు ఆయన్ని తూచింది ఒక్క మధ్యాహ్నంతో" అన్నాను.

ఏం చెయ్యమంటావు అని అడిగారు. హుమ్మ వచ్చి, మడుల మీద, పనివాళ్లు వింటూండగా చెప్పమన్నాను.

వచ్చారు. రైలు దిగి, కోటుతోనే గట్టు మీద నడిచారు. కుప్పలవాళ్లు ఈమధ్య వాన వస్తుందా రాదా అని నాన్ననే పిలిచి అడుగుతున్నారు. తూకానికి ముందు ఆకు వెయ్యకూడదన్న ఉత్తరువు ఎప్పుడో పోయింది. ఆ పూట నాన్న గట్టు మీద నిలబడి పడమటి వైపు చూస్తున్నాడు.

"తప్పు నాదే" అన్నారు అధికారి.

"గట్టిగా సెప్పండి బాబూ. గాలికి ఇనబడ్డం లేదు."

"ఆనాటి తప్పు నాదే. నీది కాదు."

గీస్తున్న చేతులు ఆగాయి. ఒక ముసలావిడ పక్కామెతో, "ఇన్నావేటే? ఆడు కాదంట కరిగించింది" అంది.

నాన్న తల ఊపాడు. "సరే. మబ్బేసింది. ఆ ఆకు అందుకోండి బాబూ."

ఆయన తాటాకు మోపులు అందించారు. కోటు విప్పారు. రెండో కుప్ప దగ్గరకి వచ్చేసరికి మబ్బు విడిపోయి ఎండ చురుక్కుమంది.

"వాన లేదుగా?" అన్నారు చెమట తుడుచుకుంటూ.

"లేదు బాబూ. ఈయేల మీ పుస్తకమే నిజం సెప్పింది" అన్నాడు నాన్న. "ఇంకా మూడు కుప్పలున్నాయి. అందుకోండి."

నేను గట్టు మీద కూర్చుని చూశాను. లేచి సాయం చెయ్యలేదు.