వాట్‌గంజ్ నుంచి బడ్జ్ బడ్జ్ దాకా, తురాయి కోసం ఒక శనివారం

ఈ బెంగాలీ మహానగరంలోని మా వాట్‌గంజ్ తెలుగు క్రైస్తవ సంఘంలో పెంతెకొస్తు ఆదివారం నాడు ప్రభువు బల్ల మీద ఎర్రని పూలే ఉంచుతారు. పరిశుద్ధాత్మ అగ్నినాలుకలుగా దిగివచ్చిన దినం కనుక. ఇన్నేళ్లూ ఆ పూలు ప్రార్థనామందిరం గుమ్మం పక్కనున్న తురాయి చెట్టువే. ఈసారి బుధవారం కాలబైశాఖి గాలివానకు ఆ చెట్టు కూలింది. శుక్రవారానికల్లా దాన్ని ముక్కలు చేసి లారీలో తీసుకుపోయారు. ఆ సాయంత్రం సంఘపెద్ద పరంజ్యోతిగారు కాగితం పూలు కొందామన్నారు, ఏటేటా పనికొస్తాయని. నేను లేచాను. కాగితంతో అగ్నిని సూచించడం అగ్నికే అవమానమని అరగంట వాదించాను. ఆయన ఓపికగా విన్నారు.

“వాదనలో నువ్వే నెగ్గావమ్మా. ఆదివారం ఎనిమిదింటికి నిజం పూలు బల్ల మీదుంటే సరే. లేకపోతే ఇక ఎప్పటికీ కాగితాలే.”

ఇరవై రెండేళ్లుగా ఆ బల్లను అలంకరిస్తున్నది మా మేనత్త రూతమ్మ. ఇంటికొచ్చాక అంది: “రేపు కోత్తే ఎల్లుండికి నిలవవే అమ్మీ. ఆదివారం తెల్లారగట్ల ఎల్దాం.” ఆదివారం రైళ్లను నమ్మలేమని, ఎత్తు తక్కువ చెట్టు ఎక్కడుందో ముందు వెతకాలని, తడిగుడ్డలో చుడితే పూలు నిలుస్తాయని మూడు కారణాలు చెప్పాను. “సర్లే, సదువుకున్నదానివి,” అని ఆమె పడుకుంది.

శనివారం ఉదయం ఆరున్నరకు ఖిదిర్‌పూర్‌లో ట్రామెక్కాం. టిక్కెట్టు నాలుగు రూపాయలు. మైదానం గుండా సాగే ఆ దారికి అది చాలా తక్కువ. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. బెంగాలీలు కృష్ణచూడా అనే మన తురాయిలు అక్కడ వరసగా మండుతుంటాయి. మూడేళ్లుగా ఇదే ట్రాములో పుస్తకంలో తల దూర్చి కళాశాలకు వెళ్లిన నేను వాటిని అప్పుడే చూశాను. అయితే పూలన్నీ రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి. రాలినవాటిని అప్పటికే ఫుట్‌బాల్ ఆటగాళ్లు తొక్కేశారు.

అక్కడి నుంచి బస్సులో దక్షిణాన ఉన్న సరస్సుకు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ఎండ అప్పుడే వీపుకు అతుక్కుంది. సరస్సు గట్టున ఊదారంగు జారుల్, గుత్తులు వేలాడే రేల, పసుపుపచ్చని రాధాచూడా పక్కపక్కనే పూశాయి. అత్త రేలచెట్టు కింద చాలాసేపు నిలబడింది.

“ఇవి అందుతున్నాయి కదత్తా, కోద్దామా?”

“అగ్గి పసుప్పచ్చగుంటాదేటే? నడు.”

బడ్జ్ బడ్జ్‌లో ఒక మిల్లు గేటు దగ్గర చేతికందే తురాయి ఉందని అత్త పినతల్లి కూతురు చెప్పింది. అక్కడికి సరస్సు దగ్గరలోని లేక్ గార్డెన్స్ స్టేషన్ నుంచి లోకల్ రైలులో ముప్పావుగంట ప్రయాణం. పది దాటాక ఎక్కాం కనుక కూర్చోవడానికి చోటు దొరికింది. దిగాక ఇరవై నిమిషాలు ఎండలో నడిచాం. ఆ జనపనార మిల్లు మూతపడి ఏడు నెలలైంది. తాళం వేసిన గేటుకు రెండు జెండాలు కట్టి ఉన్నాయి, రెండూ వెలిసిపోయాయి. గేటు బయట కుర్చీ వేసుకుని ఒక కాపలాదారు కూర్చున్నాడు. ఆయన తల మీదే, చేతికర్రకు అందేంత కిందికి, తురాయి కొమ్మలు.

“పర్మిషన్ ఎవరిచ్చారు, దిదీ?” అని బెంగాలీలో అడిగాడు.

నీడ ఎవరి ఆస్తి అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, శ్రమ మీదుగా, మూసిన మిల్లు యాజమాన్యానికి పూచే చెట్టు మీద హక్కెక్కడిదన్న దాకా వచ్చాను. ఆయన ఆవులించాడు.

“ఇవన్నీ యూనియన్ వాళ్లు ఈ గేటు దగ్గరే చెప్పారు దిదీ. మిల్లు తెరుచుకోలేదు. అదిగో కొడవలి కర్ర, కోసుకోండి. వాదించకండి, తలనొప్పిగా ఉంది.”

బాగా విచ్చిన గుత్తులన్నీ కోసి తడిగుడ్డలో చుట్టాను. అత్త ఆ కర్ర తీసుకుని తనకేవో నాలుగు రెమ్మలు వంచుకుంది. ఆమె సంచిలోకి నేను తొంగి చూడలేదు. తిరుగు రైలెక్కాం. మాఝేర్‌హాట్‌లో దిగి ఆటోలో ఇల్లు చేరి మూట విప్పితే రేకులు నల్లబడి, గుడ్డకు అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. అత్త తన సంచిలోంచి నీళ్లు పోసిన గాజుసీసా తీసింది. అందులో మొగ్గల రెమ్మలు.

ఆదివారం ఉదయానికి తొమ్మిది మొగ్గలు విచ్చాయి. ఎనిమిదింటికి బల్ల ముందు నిలబడి పరంజ్యోతిగారు అడిగారు: “ఇంతేనా, రూతమ్మా?”

“అగ్గి అంటుకోడానికి ఇంత సాలదేటండీ?”

ముందుజాగ్రత్తగా కొని తెచ్చిన కాగితం పూల పెట్టెను ఆయన తన కుర్చీ కిందికి జరిపారు. దాన్ని పారేయలేదు, వచ్చే ఏటి సంగతి ఇంకా తేలలేదు.

నేను ఆ రెండు రోజుల్లో మూడుసార్లు వాదించాను. ఒక వాదనకు గడువు దొరికింది, ఒకటి పూలను చంపింది, మూడోది ఒకాయనకు తలనొప్పి పెంచింది. ఈ ఊరు మాత్రం నన్ను ఏమీ అడగకుండానే ప్రతి మే నెలా పూస్తూనే ఉందట. మీరు వస్తే మే మధ్యలో, ఉదయం పదింటిలోపు తిరగండి. పూలను చెట్టు మీదే చూడండి. ఇంటికి తప్పనిసరైతే, అడిగి, రేపు విచ్చబోయే మొగ్గలు కోసుకోండి. నీళ్ల సీసా బయల్దేరేటప్పుడే సంచిలో పెట్టుకోండి.