‘ఏటంట’ మీద విచారణ

ఆ ఏడాది ఆగస్టు మూడో వారంలో నన్ను ఏకసభ్య విచారణాధికారిగా నియమిస్తూ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను డిప్యూటీ రిజిస్ట్రార్‌ని. మాది శ్రీకాకుళం నుంచి విజయనగరం పోయే దారిలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అందులోనే జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఒక్కో మెట్టే ఎక్కి ఆ కుర్చీ దాకా వచ్చినదాన్ని. ఉత్తర్వులో నాకు అప్పగించిన పనులు రెండు. ‘ఏటంట’ అనే విద్యార్థి పత్రిక పుట్టుపూర్వోత్తరాలు సేకరించడం మొదటిది. ఆ పత్రికకు కార్యాలయపు గోప్య పత్రాన్ని అందించిన ఉద్యోగిని గుర్తించడం రెండోది.

అలాంటి ఉద్యోగి ఉన్నాడా అని అడగలేదు. గుర్తించమన్నారు. ఆ తేడా నేను అప్పుడు పట్టించుకోలేదు.

సంగతేమిటంటే, జూలై నుంచి అమ్మాయిల హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరు కామెర్లతో మంచం పడుతున్నారు. బయట తిండి వల్లే అని వార్డెన్ చెబుతూ వచ్చారు. ఆగస్టు సంచికలో ‘ఏటంట’ మొదటి పేజీ నిండా ఒక నీటి పరీక్ష నివేదిక ఫొటో వేసింది. హాస్టల్ బోరు నీళ్లలో మురుగు కలుస్తోందని, అవి తాగడానికి పనికిరావని అందులో ఉంది. నివేదిక ఎవరి పేరున ఇచ్చారో ఆ గడిని మాత్రం సిరాతో కప్పేశారు. ఉత్తర్వులో చెప్పిన గోప్య పత్రం అదేనట.

రిజిస్ట్రార్ గారు మా ప్రాంతం వారు కాదు. పత్రిక పేరు ఏటి గట్టుకు సంబంధించిందేమో అనుకున్నారట. మా వైపు ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అనీ, ‘ఏటంట’ అంటే ‘ఏమిటట’ అనీ నేను చెప్పాను. “అయితే పేరులోనే పుకారుందన్న మాట” అన్నారాయన. ఆ నివేదిక ఉన్న ఫైలు పంపమని అడిగితే, అది తన పేషీలో భద్రంగా ఉందనీ, పేపర్లో అచ్చయింది అదేననీ, మళ్లీ చూడాల్సిన అవసరం లేదనీ అన్నారు. నేను సరేనన్నాను.

పత్రిక చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. ఆరేళ్ల క్రితం చరిత్ర విభాగం విద్యార్థి ఒకతను దాన్ని మెస్ గోడ మీద చేతిరాత కాగితంగా ప్రారంభించాడు. గ్రంథాలయం సాయంత్రం ఐదుకే ఎందుకు మూస్తున్నారన్నది తొలి సంచికలో వార్త. వార్డెన్ చింపేస్తే మర్నాడు మళ్లీ అంటించేవారు. తర్వాత జిరాక్సు కాగితాలయ్యాయి, ఆ తర్వాత నాలుగు పేజీల అచ్చు పత్రిక అయింది. ఏటా వెళ్లిపోయే సంపాదకుడు తర్వాతి వారి పేరు చెప్పి వెళ్తాడు. విద్యార్థి సంఘాల సాయం గాని, విశ్వవిద్యాలయం సాయం గాని తీసుకోకూడదన్నది వాళ్ల నియమం. ఈ సంగతులు చెప్పిన ఆ మొదటి సంపాదకుడు అప్పటికి జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఫోన్ ఎత్తగానే అతను నన్నడిగిన మొదటి మాట, “రికార్డు చేస్తన్నారా మేడం?” అని.

పత్రికను దూరంగా నరసన్నపేటలో అచ్చు వేయించడం అనుమానాస్పదమని నా ఫైల్లో ముందే ఎవరో రాసి పెట్టారు. బస్సెక్కి వెళ్లాను. అది పెళ్లి శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సు. యజమాని దాలినాయుడు నా ఉత్తర్వు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సికాకుళంలో ప్రెస్సులోల్లంతా మీ యూనివర్సిటీ పన్లు సేస్తారు. ఈ పిల్లల్ది ఏస్తే ఆ పన్లు పోతాయని బయం. నాకు మీ పన్లు నేవు, బయమూ నేదు” అన్నాడు. తర్వాత ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాలు చూపించాడు. “నా పేరూ, ఊరూ అచ్చేసే ఉన్నాయి. దాసింది ఏటుంది మేడం?”

నిజమే, ముద్రించినవారి పేరు చట్టప్రకారం ఉండాల్సిన చోటే ఉంది. మా కార్యాలయంలో ఎవరూ అంత దూరం చదవలేదు.

అనుమానం చివరికి మా తపాలు విభాగం మీదికి వచ్చింది. బయటి నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ తపాలు అంటాం. దాని మీద గుండ్రటి ముద్ర వేసి, ఇన్‌వార్డ్ రిజిస్టర్లో నంబరు ఎక్కించాకే సంబంధిత అధికారికి వెళుతుంది. ఆ పని చూసేది సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు. పదిహేడేళ్ల సర్వీసు, ఒక్క మెమో లేదు. సూపరింటెండెంటు పదోన్నతి జాబితాలో మొదటి పేరు అతనిదే. పత్రిక సంపాదకురాలు తులసి, నౌపడ దగ్గరి రైతు కుటుంబం పిల్ల, అర్థశాస్త్రం రెండో సంవత్సరం. ఆమె క్యాంటీన్లో అతన్ని ‘మావ’ అని పిలవడం విన్నానని సెక్యూరిటీ గార్డు వాంగ్మూలం ఇచ్చాడు.

సన్యాసిరావుని పిలిచి అడిగాను. “పక్కూరి పిల్ల మేడం. మీదీ ఈ జిల్లాయే కదా. ఇక్కడ మావా, బావా అనకుండా ఎవుల్ని పిలుస్తారు?” అన్నాడు. నాకా సంగతి తెలుసు. అతని జవాబు పొల్లుపోకుండా రాసుకున్నాను. అయినా ప్రాథమిక నివేదికలో “సదరు ఉద్యోగి పత్రిక సంపాదకురాలితో సన్నిహితంగా మెలుగుతున్నట్టు తెలుస్తోంది” అని ఒక వాక్యం రాశాను. ‘తెలుస్తోంది’ అన్నది మా భాషలో చాలా సౌకర్యమైన మాట. ఎవరికి, ఎలా తెలిసిందో చెప్పక్కర్లేదు. మూడో రోజుకి అతన్ని పరిపాలనా కారణాల మీద దూరపు పీజీ కేంద్రానికి బదిలీ చేశారు. పదోన్నతి జాబితాలో అతని పేరు పక్కన పెట్టారు.

తులసికి సంజాయిషీ నోటీసు వెళ్లింది. పత్రం ఇచ్చినవారి పేరు చెప్పకపోతే ఎందుకు బహిష్కరించకూడదో తెలపాలని అందులో ఉంది. ఆమె ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చింది. కూర్చుంటూనే ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కింది. నా ఫోను అప్పటికే బల్ల మీద రికార్డు చేస్తోంది.

“మీ మీద నమ్మకం నేదు మేడం, ఏటనుకోకండి” అంది.

పత్రం ఎవరిచ్చారని అడిగాను.

“అందరూ ఎవులిచ్చారనే అడగతన్నారు. మేం తాగతన్నవి ఏటి నీలో ఒక్కలూ అడగనేదు. మీ ఆపీసు కాయితం మాకెందుకండీ? సీసాలో నీలట్టుకుని సికాకుళం మేమే ఎల్లినాం. అక్కడ ఎవులిచ్చినా పరీచ్చ సేస్తారు. ఆ రిపోర్టు నా పేరునే ఉంది.”

మరి పేరెందుకు కప్పేశారని అడిగాను.

“పేరున్నోలకి నోటీసులొస్తాయని” అంది. ఆమె ఒళ్లో నేను పంపిన నోటీసుంది.

ఆమె వెళ్లాక సంచిక తీసి ఫొటో మళ్లీ చూశాను. మా కార్యాలయానికి వచ్చే ప్రతి కాగితం మీదా ఉండే గుండ్రటి ముద్ర దాని మీద లేదు. ఆ పేజీని అప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముద్ర కోసం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు శ్రీకాకుళంలోని నీటి పరీక్ష కేంద్రానికి వెళ్లాను. గుమస్తా రిజిస్టరు తెరిచి చూపించాడు. ఆగస్టు మొదటి వారంలో తులసి పేరున ఒక నమూనా నమోదై ఉంది. పత్రికలో అచ్చయిన నంబరు అదే. అయితే ముందు పేజీలో అదే హాస్టల్ బోరుకు ఇంకో నమూనా ఉంది. పంపినవారు రిజిస్ట్రార్. ఫలితం ఇచ్చిన తేదీ జూన్ ఆఖరు.

హాస్టల్లో మొదటి పిల్లకు జబ్బు చేసింది జూలై రెండో వారంలో.

తిరుగు బస్సులో నాకు మిగతాది అర్థమైంది. పిల్లలు వేసింది వాళ్ల నివేదిక. దాన్ని మాదే అనుకుని దొంగ కోసం వెతికినవారికి, అలాంటిది మా దగ్గర ఒకటుందని ముందే తెలుసు. నేను ఎవరి అనుమానాన్ని మోస్తున్నానో అడగకుండానే రెండు వారాలు మోశాను. ఆ దారంతా నాకు సిగ్గుగానే ఉంది. దానికన్నా భయం ఎక్కువగా ఉంది.

పేషీ నుంచి ఫైలు ఇప్పించమని ఈసారి లిఖితపూర్వకంగా అడిగాను. నాలుగు రోజులకు వచ్చింది. జూన్ నివేదిక అందులో ఉంది, గుండ్రటి ముద్రతో సహా. కింద ‘చూశాను, ఫైలులో ఉంచండి’ అని రాసి రిజిస్ట్రార్ గారి పొట్టి సంతకం. ఇంకే చర్యా లేదు.

తుది నివేదికలో రెండు నమూనాల నంబర్లు, తేదీలు, ఫైలు మీది రాత ఉన్నదున్నట్టు రాశాను. పత్రం బయటికి పొక్కలేదనీ, ప్రాథమిక నివేదికలో సన్యాసిరావు గురించి రాసిన వాక్యానికి ఆధారం లేదనీ రాశాను. రిజిస్ట్రార్ గారు నన్ను పిలిపించారు. జూన్ నివేదిక సంగతి విచారణ పరిధిలోకి రాదు, ఆ పేరా తీసేయండి అన్నారు. ఉద్యోగిని గుర్తించడమనే రెండో పని వరకు చూస్తే ఆయన మాట సరైనదే. ఆ పేరాను అక్కణ్నుంచి తీసి, పత్రిక పుట్టుపూర్వోత్తరాల కింద, ఆగస్టు సంచిక వెలువడిన పరిస్థితులు అన్న చోట పెట్టాను. అది నాకు ఆయనే అప్పగించిన మొదటి పని. ఆయన ఆ పుట చదివి, నివేదికను ఉపకులపతి గారికి పంపారు.

వారంలో బోరు మూయించారు. తులసి మీది నోటీసు ఉపసంహరించారు. తర్వాతి సంచికలో ‘ఏటంట’ రెండు నివేదికల సంగతీ రాసింది. ఈసారి అనుమానం నా మీదికి వచ్చింది. నేనివ్వలేదు. తన నివేదిక అందుకున్నట్టు పరీక్ష కేంద్రం రిజిస్టర్లో సంతకం చేసిన రోజే తులసి ముందు పేజీ కూడా చూసిందట. ఆ పేజీ నకలు రుజువుగా చేతికొచ్చే దాకా ఆగింది.

సన్యాసిరావు బదిలీ మాత్రం మరుసటి జూన్ దాకా రద్దు కాలేదు. ఆ ఏడాది పదోన్నతి అతని తర్వాతివారికి పోయింది. తిరిగి వచ్చాక నా గదికి వచ్చి నిలబడ్డాడు. తప్పు నాదేనని చెప్పాను. “ఇకమీదట నాకు ఏ పని సెప్పినా కాయితం మీద రాసి ఇయ్యండి మేడం” అన్నాడు. నేను ఉద్యోగ విరమణ చేసేదాకా అలాగే రాసి ఇచ్చాను.

ఆ తర్వాత కూడా నాకు విచారణలు అప్పగించారు. ప్రతిసారీ అసలు కాగితాన్ని తెప్పించుకుని, దాని మీది ముద్ర, నంబరు, తేదీ చూసిన తర్వాతే మనుషుల్ని పిలిచాను. కాగితం ఏదో తేలకముందు మనిషి కోసం వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు.