పావగడలో బాడుగ రాని ఇల్లు

నలభై రెండేళ్ళు వచ్చేసరికి నేను సంపాదించిన సైటు ఒక్కటే, అది కంటిది. దానికి అద్దాలు పెట్టించుకున్నాక, నేల మీద కూడా ఒక సైటు ఉంటే బాగుండునన్న బుద్ధి పుట్టింది.

పెనుకొండ పోస్టాఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఊరివాళ్ళ పొదుపు పుస్తకాల మీద ముద్రలు కొడుతున్నాను. నా సొంత పుస్తకంలో పదిహేను వేలున్నాయి. పీఎఫ్ మీద తొమ్మిది వేలు అప్పు పుడుతుంది. మొత్తం ఇరవై నాలుగు. వరసగా మూడో ఏడూ వానలు లేక పావగడ రైతులు ఇళ్ళు అమ్ముకుంటున్నారనీ, బాడుగలు మాత్రం తగ్గలేదనీ మా పోస్టుమాస్టరు చెప్పాడు. నేను నమ్మాను. ఆయన మాత్రం కొనలేదు. ఆ సంగతి నాకు తిరుగు బస్సులో గుర్తుకొచ్చింది.

ఒక శుక్రవారం లీవు పెట్టి, పొద్దున ఆరూ నలభై బస్సెక్కాను. టికెట్టు ఐదు రూపాయలు. రొద్దం దాటాక దారికి రెండువైపులా విత్తిన చేలకూ విత్తని చేలకూ తేడా తెలియలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన, శెనక్కాయ విత్తనానికి ఖాళీ గోతం మడిచి చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు కొనడానికి పోతున్నానంటే నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఈ బస్సులో ఉండేటోళ్ళంతా అమ్మేటోళ్ళేనప్పా. కొనేటోనివి నువ్వొక్కనివే ఉండావు. రా, కిటికీ కాడ కూసో," అని లేచి చోటిచ్చాడు.

ఎనిమిదిన్నరకు పావగడ. బస్టాండు పక్క హోటల్లో రెండు ఇడ్లీలు, ఒక కాఫీ, రెండుంబావలా. చట్నీలో నీళ్ళు ధారాళంగా ఉన్నాయి. ఊళ్ళో నీళ్ళు పుష్కలంగా కనిపించింది అక్కడొక్కచోటే. పోస్టుమాస్టరు చెప్పిన బ్రోకరు నరసింహప్ప అక్కడికే వచ్చాడు. నిన్నమొన్నటిదాకా శెనక్కాయల మండీలో బేరాలు కుదిర్చినవాడు. కాయలు రాకపోయేసరికి ఇళ్ళకు దిగాడు. కాయనైతే చెవి దగ్గర ఊపి, లోపల గింజ ఉందో లేదో చెప్పేవాడట. ఇల్లు ఊపడానికి లేదే అని వాపోయాడు.

మొదట కొండ కింద ఒక సైటు చూపించాడు. సైటంతా ఒకే బండ. పునాది ఖర్చు లేదు, దేవుడే పోసిపెట్టినాడు అన్నాడు. దాన్ని వదులుకోవడానికి కారణం బండ కాదు. కాగితాల్లో అది ఇంకా చేనే. కర్ణాటకలో రైతు కానివాడి పేరిట చేను రిజిస్టరు కాదు. నా వెనక వచ్చేవాళ్ళు ఈ మాట ముందే అడిగి తెలుసుకుంటే ఎండలో ఒక మైలు నడక తప్పుతుంది.

రెండోది బజారు వెనక సందులో ఇల్లు. రెండు గదులు, ముందు వసారా. ధర ముప్పై ఎనిమిది వేలు. యజమాని హనుమంతరెడ్డి నిడుగల్లు దగ్గర రైతు, మధ్యాహ్నం బస్సుకు వస్తాడన్నారు. వసారాలో బొరుగుల బట్టీ మండుతోంది. వేడి ఇసకలో బియ్యం పోసి తిప్పుతున్న లక్ష్మీదేవమ్మ, చెయ్యి ఆపకుండానే నా దోసిట్లో ఇన్ని బొరుగులు పోసింది. నెలకు రెండొందల యాభై బాడుగ వస్తుందని దారి పొడుగునా లెక్కలేసుకుంటూ వచ్చాను కనక, ఎంత ఇస్తున్నావమ్మా అని అడిగాను.

"బాడుగ ఏంది సార్? నేను భోగ్యానికి ఉండాను. ఆరేండ్ల కింద గొర్రెలమ్మి పన్నెండు వేలు రెడ్డప్ప చేతిలో పెట్టినాను. నా దుడ్డు నాకిచ్చిన దినం లేసిపోతాను."

చేలను భోగ్యానికి పెట్టడం మా వైపూ ఉంది. ఇళ్ళను కూడా పెడతారని నాకు తోచలేదు. డబ్బిచ్చినామె బాడుగ లేకుండా ఉంటుంది, తీసుకున్నాయన వడ్డీ లేకుండా వాడుకుంటాడు. ఇప్పుడు ఇల్లు కొంటే నా దుడ్డు ఎవరిస్తారు అని అడిగిందామె. నేను నరసింహప్ప వైపు చూశాను. ఆయన దూలాల వైపు చూశాడు.

తక్కువపడిన పద్నాలుగు వేల కోసం పదిన్నరకు ఒక బ్యాంకుకు వెళ్ళాను. ఆంధ్రాలో ఉద్యోగం, కర్ణాటకలో ఇల్లు, మధ్యలో నేనెందుకు అన్నాడు మేనేజరు, మర్యాదగానే. బజారులో వడ్డీకిచ్చే శెట్టిగారు నూటికి మూడు రూపాయలనీ, ముందు బంగారం చూపించమనీ అన్నాడు. నా దగ్గర పసుపుపచ్చగా ఉన్నది పోస్టాఫీసు సంచి ఒక్కటే. ఒంటిగంటకు రాగిముద్ద, ఉలవచారు, నాలుగు రూపాయలు. కాళ్ళు లాగుతున్నాయి. తిన్న బల్ల మీదే పడుకుందామనిపించింది.

రెండున్నరకు తాలూకాఫీసు ముందు రేకుల కింద, పత్రాలు రాసే ఆయన బల్ల దగ్గర రెడ్డిని కలిశాను. నాకంటే అలిసిపోయిన మనిషి. లక్ష్మీదేవమ్మ డబ్బుతో కలిపి మూడు బోర్లు వేయించి, మూడింట్లోనూ దుమ్మే చూశాడు. ముప్పై ఎనిమిదీ తన చేతికే రావాలన్నాడు. ఆమె సంగతి ఎలాగని అడిగితే, రాతగాడు గొంతు తగ్గించి దారి చెప్పాడు. ఆమె పత్రం రిజిస్టరు కాలేదు. ఖాళీ ఇల్లు అప్పజెప్పినట్టు రాసుకుంటే, ఆ తర్వాత ఆమె, రెడ్డి చూసుకుంటారు. అలాగైతే రెడ్డి రెండు వేలు తగ్గిస్తాడట. రెడ్డి తల వంచుకుని చెప్పు కొనతో మట్టి గీస్తున్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ దారి నాకు నచ్చింది. ఒక టీ తెప్పించుకుని, తాగినంతసేపూ ఎదురులేని ఇంటి యజమానిగా బతికాను.

అంతలో లక్ష్మీదేవమ్మ వచ్చింది. బట్టీ ఆర్పి వచ్చినట్టుంది, చీర మీద బూడిద. కవరులోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చి, పోస్టాఫీసు సారట గదా, చదివి చెప్పండి అంది. చేతికి కాగితం వస్తే పైకి చదవడం నాకు తుమ్ము లాంటిది, ఆపుకోలేను. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దాయాదులు. సగం అవే పలికాయి, మిగతా సగం తడుముకుంటూ చదివాను. పన్నెండు వేలు ముట్టినట్టూ, తిరిగి ఇచ్చేదాకా ఇల్లు ఆమె స్వాధీనంలో ఉండేటట్టూ, కింద రెడ్డి సంతకం. నేను ముగించేసరికి రేకుల కింద ఉన్న పదిమందీ మాటలు ఆపి వింటున్నారు.

ఆమె కాగితం తీసుకుని మడతపెట్టింది. "ఇంతమంది ముందర మీ నోటితోనే చదివినారు. ఇంక తెల్దు అనేదానికి లేదు సార్."

తర్వాత రెడ్డి వైపు తిరిగింది. "మీరేయించిన బోర్లలో ఒకటి నాది గదా రెడ్డప్పా. నీళ్ళు పడింటే నాకొక బిందె పంపిచ్చింటిరా?"

రెడ్డి తలెత్తాడు. "పడింది దుమ్మమ్మా. బిందెకు పోసి పంపిస్తే తీసుకుంటావా?"



ఆమె డబ్బు వాపసు అడగలేదు. బట్టీ పెట్టుకోనిచ్చే ఇల్లు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఆ పన్నెండు వేలూ నా మీదికి మార్చి, భోగ్యపత్రం నా పేరుతో, ఈసారి రిజిస్టరు చేసి ఇమ్మంది. అంటే నేను రెడ్డికి ఇవ్వాల్సింది ఇరవై ఆరే. ఇంకా తక్కువపడే రెండు వేలు పెనుకొండలో చేబదులు పుడతాయి. ఊరంతా తిరిగి నేను వెతికిన అప్పు పొద్దున బట్టీ ముందు కూర్చుని ఇసక తిప్పుతోందన్నమాట. రెడ్డి మాత్రం లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన ఒకసారి ఆమె చేతిలోని కవరును చూసి, రాతగాడితో "రాయప్పా, ఉండేది ఉండేట్టే రాయి," అన్నాడు.

వెయ్యి రూపాయలు బయానా ఇచ్చాను. మిగతాది నెలలోపు. సంతకాలయ్యాక లక్ష్మీదేవమ్మ నన్ను "ఓనరు సార్" అని పిలిచి, రిజిస్ట్రీ ఖర్చు ఓనరుదే అంది. వాన వస్తే వెనక గది కారుతుందని కూడా చెప్పింది. మూడేళ్ళుగా వాన లేదు కనక ఇప్పుడూ కారుతుందో లేదో తెలియదట.

ఐదున్నర బస్సు. రొద్దం దాకా నిలబడే ప్రయాణం. టికెట్లూ తిండీ కలిపి రోజు ఖర్చు ఇరవై లోపే. ఆ దారిన ఇళ్ళు కొనడానికి పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. గోడలు చూడకముందు, ఆ గోడల్లో ఎవరి డబ్బుందో ఇంట్లో ఉన్నవాళ్ళనే అడగండి. నేను బాడుగ తినడానికి పోయి, ఒక బొరుగులమ్మకు అప్పుపడి వచ్చాను. అయినా ఆ రోజు అంతకంటే మంచి బేరం నాకు కనిపించలేదు.

పెనుకొండలో దిగి ఇంటికి నడిచేసరికి దీపాలు పెట్టారు. మా ఇంటి ఓనరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రేపు ఒకటో తారీఖు, బాడుగ గుర్తుంది గదా అన్నాడు. గుర్తుందన్నాను.