పెదనాన్న వడపోత

మా పెదనాన్న అసలు నమ్మని వస్తువు బంకులో పోసే పెట్రోలు. గుడ్డిగా నమ్మినవి రెండు: తన మగ్గం మీద నేసిన గుడ్డ, ఆదోనిలో ఎవరో వదిలించుకుంటుంటే ఎగబడి కొన్న ఇంగ్లండు కారు. ఆ కారుకు అప్పటికే నాకంటే ఎక్కువ వయసు. దొరల పనితనం అంటూ దాని బానెట్టు నిమిరేవాడు. ఆ పనితనం ఎమ్మిగనూరు పొలిమేర దాటేలోపే రెండుసార్లు దగ్గి ఆగిపోయేది.

పెట్రోలు డబ్బాలో పట్టించుకొచ్చి, గరాటులో గుడ్డ పరిచి, వడపోసి ట్యాంకులో పోసేవాడు. పాత గుడ్డ పనికిరాదట, అప్పుడే మగ్గం దిగిందే కావాలట. వడపోసే కొద్దీ కారు మొరాయించడం ఎక్కువైంది. దాంతో ఆయన గుడ్డను రెండు మడతలు చేశాడు. ఇదీ మా ఇంటి పెద్ద తెలివి.

నా బి.ఎడ్. అయిన ఏడాది ఆదోనిలో ఒక బడి నుంచి టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. పది గంటలకల్లా ఉండాలి. ఆ ఉద్యోగం రాకపోతే ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చోవడమే. బస్సులో పోతానంటే పెదనాన్న వినలేదు, కారెక్కించాడు.

సగం దారిలో కారు ఆగింది. ఆయన కార్బురేటరు విప్పి, నోటితో ఊది, పెట్రోలు ఉమ్మి, మళ్లీ బిగించాడు. కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. అప్పుడే ఆదోని బస్సు వచ్చి పక్కన నిలబడింది. కండక్టరు వస్తారా అని అడిగాడు. పెదనాన్న పొమ్మని చెయ్యి ఊపాడు.

"బస్సెక్కేదానికి మనమేమన్నా కారు లేనోళ్లమా? కూసో పాపా, ఐదు నిమిషాల్లో పోదాము."

కూర్చున్నాను. ఇంత నోరున్న దాన్ని, దిగి బస్సెక్కడానికి కాళ్లు రాలేదు. ఆయన మీద ఎంత కోపమో, నా మీద అంతకు రెట్టింపు అసహ్యం.

ఆగుతూ సాగుతూ ఆదోని చేరాక, ఊరి మొదట్లో ఒక మెకానిక్కు కార్బురేటరు విప్పి, నేతలో నూలుకు పట్టించే గంజి పొడి, నూలు పీచు కలిసిన తెల్లటి ముద్దను సూదితో బయటికి లాగి, వడపోత సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"పెట్రోలు బాగానే ఉంది పెద్దాయనా. నీ గుడ్డే దీన్ని సంపుతాండేది."

తన గుడ్డ నుంచి పీచు రాలదని పెదనాన్న మొహం తిప్పుకున్నాడు.

నేను బడికి చేరేసరికి పన్నెండు దాటింది. పొద్దున బస్సులో వచ్చినామెకు ఉద్యోగం ఇచ్చేశారు. ఇంత ఆలస్యమెందుకని హెడ్మాస్టరు అడిగితే, దారిలో మా కారు చెడిపోయిందని చెప్పాను.

"సొంత కారుండే ఇంటోళ్లు, మీకెందుకమ్మా ఈ ఉద్యోగం?" అన్నాడాయన, మర్యాదగానే.