మేడమెట్ల మీద నిద్ర

ఇంటి నుంచి పని చేస్తామని కోరేముందు ఆ ఇంట్లోవాళ్లను అడిగామా? కాలేజీ డిబేట్లలో ఆరితేరిన నేను, ఆఫీసుకు రమ్మన్న మేనేజరును తేలికగానే ఒప్పించాను. కూర్మన్నపాలెంలో మాది ఒంటిగది ఇల్లు. నాన్న స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటారు. ఒకరోజు మీటింగు ముగించి తలుపు తీస్తే, మేడమెట్ల మీద కూర్చునే కునికిపాట్లు పడుతున్నారు.

"ఇక్కడ పడుకున్నావేటి నాన్నా?"

"నా గురక మీ ఆఫీసోళ్లకి ఇనబడితే నీకే నామోషీ కదమ్మా! పోయి పని సూసుకో."

ఎన్ని పగళ్లు అలా గడిపారో ఇప్పటికీ చెప్పరు. ఫర్నేసు దగ్గర నిలబడే మనిషి నిద్రమత్తులో ఒక్క అడుగు తడబడితే? నా వాదనలో ఆయన నిద్ర ఊసే లేదు. మర్నాటి నుంచి ఆఫీసుకే వెళ్తున్నాను. మీరు ఏ పక్షాన వాదించినా సరే, ముందు మీ ఇంట్లోవాళ్లను అడగండి.