పెదవి ముందు, మాట వెనక

బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులోకి అడుగుపెడితే మనిషి మాట మనిషికి వినపడదు. మూడు వందల మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవిలో నోరుపెట్టి అరిచినా లాభం లేదు. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతులు కట్టిపెట్టి పెదాలతో మాట్లాడుకునేవారు. ఒకరు మాటను నోటితో విడివిడిగా పలికితే, అవతలి వరసలో ఉన్నవాళ్లు చూసి అందుకునేవారు. ఈ విద్యలో, ఆ మగ్గాల మీద పనిచేసే ఒకావిడను మించినవాళ్లు లేరు. షెడ్డు ఆ చివర మేస్త్రీ ఎవరితో ఏం గొణుగుతున్నాడో ఈ చివర నిలబడి చెప్పేసేది. అందుకే మిల్లులో అందరూ ఆవిడని ‘టెలిఫోన్’ అని పిలిచేవారు.

ఇరవై ఆరేళ్లు ఆ హోరులోనే నిలబడింది. ఆవిడ ఉద్యోగం మానేయకముందే చెవులు మానేశాయి. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మిషను పెట్టుకుంటే సగం మాట వినపడేది, మిగతా సగం ఎదుటివాళ్ల పెదాల మీద దొరికేది. రెండూ కలుపుకుని నడిపించేది. కొత్తవాళ్లకు ఆవిడకి చెవుడని చెబితే నమ్మేవారు కారు.

కూతురు, అల్లుడితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. అల్లుడిది విచిత్రమైన ఉద్యోగం. కొనుగోలుదారుల కోసం వెలువడే ఒక మాసపత్రికలో వస్తువులను పరీక్షించి మార్కులు వేయడం అతని పని. ఇస్త్రీపెట్టెలూ ఫ్యాన్లూ వేరేవాళ్లు చూస్తారు, టీవీలు ఇతని వంతు. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో కూర్చుని, నలుపు నల్లగానే ఉందా బూడిదలోకి దిగిందా, మనిషి ముఖం ముఖంలా ఉందా సున్నం కొట్టిన గోడలా ఉందా, బంతి పరుగెడితే వెనక తోక కనపడుతోందా అని రోజంతా చూస్తాడు. ఎక్కడెక్కడివాళ్లో అతని మార్కులు చదివి టీవీలు కొనుక్కుంటారు. చుట్టాలు మాత్రం మాటవరసకైనా అడగరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

ఆ నెల ఒక మధ్యరకం టీవీ పరీక్షకు వచ్చింది. చీకటి గదిలో పరువు నిలుపుకుంది. అంచుల్లో కాస్త వెలుతురు కారుతోంది, పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసినట్టుంటాయి, అంతే. ఆ ధరకి అవి మామూలే. పగటి వెలుతురులో ఎలా ఉంటుందో చూద్దామని పదిరోజుల కోసం దాన్ని ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాడు. అందులో ‘స్పష్టమైన మాట’ అని ఒక సదుపాయం ఉంది. అది పెడితే వాయిద్యాల గోల తగ్గి మనుషుల మాట పైకి వస్తుంది. అత్తగారి కోసమే చేసినట్టుందనుకుని, మొదటిరోజే అది పెట్టేశాడు.

ఆవిడ ఎదుటికి వచ్చి, పెదాలు కనపడేలా చెప్పాడు. “అత్తయ్యగారూ, ఇకనుంచి మాటలు బాగా వినపడతాయి, చూడండి.”

“మంచిది బాబూ,” అందావిడ సంతోషంగా.

ఆవిడకి టీవీ ప్రాణం. వార్తల్లో అయిదుగురు ఒకేసారి అరుచుకుంటుంటే, ఇంట్లో ఆవిడ ఒక్కతికే ఎవరేమన్నారో తెలిసేది. ఆటల్లో కెప్టెన్ తనలో తాను గొణుక్కుంటే చదివేసి నవ్వేది. “ఏమన్నాడమ్మా?” అని కూతురు అడిగితే, “ఛీ, అది ఇంట్లో అనకూడదులే,” అనేది. డబ్బింగు సినిమాలంటే మాత్రం మంట. ఒకరి నోట్లో ఇంకొకరి మాట పెట్టడమేమిటని లేచిపోయేది.

అలాంటి మనిషి మూడో రోజుకల్లా టీవీ దగ్గర కూర్చోవడం తగ్గించేసింది. వార్తల వేళకు బాల్కనీలో ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చునేది. అవి అయిపోతే మడతలు విప్పి మళ్లీ పెట్టేది. అల్లుడు బొమ్మ కళ్లకు పడడంలేదేమో అనుకున్నాడు. వెలుతురు తగ్గించాడు. రంగులు తగ్గించాడు. కదలికను నున్నగా చేసే మీట ఆపేశాడు. ఏం చేసినా ఆవిడ “బాగుంది బాబూ” అంటుంది, అయిదు నిమిషాలకు లేచిపోతుంది.

ఈలోగా అతను నివేదిక రాసి పంపేశాడు. ‘స్పష్టమైన మాట’కు పదికి తొమ్మిది మార్కులు వేసి, పెద్దవాళ్లున్న ఇంటికి ఇది వరమని ఒక వాక్యం కూడా చేర్చాడు.

ఆదివారం పొద్దున కూతురు బాల్కనీలో తల్లి పక్కన చతికిలబడింది. చేతిలో తువ్వాలు లాక్కుని, ముఖం తనవైపు తిప్పుకుంది.

“అమ్మా, నిజం చెప్పు. ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉందే.”

“మరి టీవీ ఎందుకు చూడవు? ఆయన నీకోసమే కదా తిప్పలు పడుతున్నారు?”

ఆవిడ హాలు వైపు ఓసారి చూసింది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది. గొంతు తగ్గించానని ఆవిడ అనుకుంది కానీ, హాల్లో ఉన్న అల్లుడికి కూడా వినపడింది.

“ఏ చానల్ పెట్టినా డబ్బింగు సినిమాలా ఉందే. పెదవి ముందు వెళ్లిపోతోంది, మాట వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఒకటీ అందడంలేదు. చెవులు పోయాక నాకు మిగిలింది ఈ చూపొక్కటే. అదీ పోతోందేమో అని... మీ ఆయనతో అనకు, పాపం బాధపడతాడు.”

అల్లుడు రిమోట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తొమ్మిది మార్కులు కళ్లముందు కదిలాయి. పరీక్ష కోసం దాచుకున్న ఒక వీడియో పెట్టాడు. అందులో ఒకామె ఆగి ఆగి చేతులు చరుస్తుంది. దాన్ని ఫోనులో తీసి నెమ్మదిగా నడిపించి చూశాడు. చేతులు కలిసిన తరవాత సెకనులో అయిదోవంతుకు గానీ చప్పుడు రావడంలేదు. ‘స్పష్టమైన మాట’ తీసేశాడు. చేతులూ చప్పుడూ అతుక్కుపోయాయి. మాటను శుభ్రం చేయడానికి ఆ టీవీకి అంత సమయం పడుతోంది. చీకటి గదిలో అతను ఆ సదుపాయాన్ని చెవితో విన్నాడే తప్ప, నోళ్లు చూడలేదు. ఇంట్లోనూ రంగులూ వెలుతురూ చూశాడే కానీ పెదాలు చూడలేదు.

బాల్కనీలోకి వెళ్లి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. “అత్తయ్యగారూ, మీ చూపుకేం కాలేదు. తప్పు టీవీది. నాది కూడా.”

“నిజంగానా?”

“ఒట్టు. వచ్చి చూడండి.”

ఆవిడ వచ్చి వార్తల ముందు నిలబడింది. నిమిషం చూసి, “ఆ ఎర్ర చొక్కాయన అబద్ధం చెబుతున్నాడు,” అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

సోమవారం పొద్దున్నే అతను సంపాదకుడి బల్ల ముందు నిలబడ్డాడు.

“ఆ టీవీ పేజీ ఆపాలండీ. తప్పు రాశాను.”

“అచ్చుకు వెళ్లబోతోందయ్యా! ఎవరు పట్టుకున్నారు?”

“మా అత్తగారు.”

సంపాదకుడు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. “ఇన్నేళ్లలో అల్లుడి తప్పు పట్టని అత్తగారిని నేను చూడలేదు. కానీ ఆ తప్పును అచ్చువేయమని వచ్చిన అల్లుణ్ణి ఇప్పుడే చూస్తున్నా. మధ్యాహ్నం మూడింటిదాకా టైము. కానియ్.”

బొమ్మకు వేసిన మార్కులు అలాగే ఉంచాడు. తొమ్మిది కాస్తా మూడయింది. ఎందుకో వివరంగా రాశాడు. తాను మొదట గమనించలేదని కూడా రాశాడు. ఆ సంచిక వెళ్లిన వారానికి ఉత్తరాలు వచ్చాయి. ఒక పెద్దాయన, తనకే మతి మందగించిందనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ, ఇప్పుడు ఆ మీట ఆపి హాయిగా చూస్తున్నాననీ రాశాడు. ఆ ఉత్తరాన్ని అల్లుడు ఇంటికి తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. “పాపం, ఈయనకి చెప్పుకునే కూతురు లేదు కాబోలు,” అంది.

మూడు నెలలకు, ఆ లోపం సరిచేశామని తయారీదార్లు కబురు పంపారు. ఈసారి అల్లుడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని నల్లగుడ్డల గదికి తీసుకెళ్లాడు. ఆవిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అరగంటసేపు కదలకుండా చూసింది.

“ఎలా ఉందండీ?”

“నయమే. ఇంకా ఒక్క వెంట్రుకవాసి వెనకే ఉంది.”

అతను కొలిచి చూశాడు. ఉంది. నవ్వుకుని రాసుకున్నాడు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. గోడవారగా వరసన పెట్టిన మిగతా టీవీలకేసి చూస్తూ, “అవి కూడా పెట్టు బాబూ, వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను,” అంది.